పడ్డ సిస్టమ్‌ని లేపేది ఎవరు?



2024 జూలై 19, శుక్రవారం. మన గడియారంలో ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ తన ఖాతాదారుల మెషీన్లకి ఒక చిన్న ఫైలు పంపింది. కొత్త రకం దాడులను గుర్తుపట్టడానికి ఎప్పటికప్పుడు పంపే ఫైళ్లలాంటిదే అది కూడా. కాకపోతే అందులో ఒక తప్పు దొర్లింది. సంగతి తెలిసి 10 గంటల 57 నిమిషాలకు దాన్ని వెనక్కి తీసుకున్నారు. మధ్యలో గడిచింది 78 నిమిషాలే. ఆ కాస్త వ్యవధిలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసుకుని కూలబడ్డాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. లోకంలో ఉన్న మొత్తం విండోస్ మెషీన్లలో అది ఒక శాతం కూడా కాదు. అయినా విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఆగాయి, బ్యాంకులు ఆగాయి. మన శంషాబాద్‌లో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు.

ఆ రోజు గురించి మాట్లాడేవాళ్లు తప్పెవరిది అన్నదగ్గరే ఎక్కువగా ఆగుతారు. నేను మాత్రం ఆ తర్వాత జరిగినదాని గురించి మాట్లాడదలచుకున్నాను. 10 గంటల 57 నిమిషాలకి తప్పుడు ఫైలు వెనక్కి వెళ్లిపోయింది కదా, మరి మెషీన్లు ఎందుకు లేవలేదు? ఎందుకంటే, సరైన ఫైలు దింపుకోవాలంటే ముందు మెషీన్ ఆన్ అయి నెట్‌కి కలవాలి. ఆన్ అవుతుండగానే పాత ఫైలు దాన్ని పడగొడుతోంది. పడుతుంది, తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ పడుతుంది. ఇక మనిషి వెళ్లాల్సిందే.

వెళ్లి చేయాల్సిన పని ఇది. మెషీన్ ముందు కూర్చోవాలి. రికవరీ తెర తెప్పించి, సేఫ్ మోడ్‌లో గానీ కమాండ్ ప్రాంప్ట్‌లో గానీ లోపలికి దిగాలి. సీ డ్రైవ్‌లో విండోస్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్. అక్కడ సీ అక్షరంతో, 00000291 అంకెతో మొదలయ్యే ఫైలు చెరిపేసి రీస్టార్ట్ కొట్టాలి. తెలిసినవాడికి నిమిషాల పని. కానీ వేల మెషీన్లున్న సంస్థలో, ఒక్కోటీ ఒక్కో ఊళ్లో ఉంటే, ఆ నిమిషాలే రోజులవుతాయి. పైగా చాలా ఆఫీసు మెషీన్లకి బిట్‌లాకర్ తాళం ఉంటుంది. రికవరీలోకి దిగి ఫైళ్లు ముట్టుకోవాలంటే ముందు 48 అంకెల కీ కొట్టాలి. ఆ కీలన్నీ దాచిన సర్వర్ కూడా విండోస్ మీదే నడుస్తూ, అదీ పడిపోతే? అలా ఇరుక్కున్నవాళ్లూ ఉన్నారు. మైక్రోసాఫ్ట్ తన క్లౌడ్ వాడేవాళ్లకి ఒక సలహా ఇచ్చింది: రీస్టార్ట్ చేస్తూ ఉండండి, కొందరికి 15 సార్లు చేశాక ఫలించింది అని. అన్నిసార్లు ప్రయత్నిస్తే ఏదో ఒకసారి, పడిపోయేలోపు సరైన ఫైలు దిగుతుందన్న ఆశ అది.

అదే రోజు మ్యాక్‌లూ లినక్స్ మెషీన్లూ నిక్షేపంగా నడిచాయి. చూశారా మా సిస్టమ్ ఎంత గట్టిదో అని వాటి అభిమానులు అన్నారు. ఆ వాదన నాకు ఒప్పుదల కాదు. ఆ ఫైలు విండోస్ కోసం తయారైంది, విండోస్‌కే వెళ్లింది. దానికి నెల ముందే అదే సంస్థ సాఫ్ట్‌వేర్‌తో రెడ్‌హ్యాట్ లినక్స్ మెషీన్లలో సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ పడిపోయిన ఉదంతం ఉంది. ఆపిల్ మాత్రం 2019లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ కాటలినా నుంచి బయటి కంపెనీల సాఫ్ట్‌వేర్‌ని కెర్నల్ నుంచి బయటికి నెడుతూ వచ్చింది. ఆ నిర్ణయానికి మార్కులు వేయాల్సిందే. అయితే పడని సిస్టమ్ అంటూ లేదు. పడ్డరోజు ఏది ఎలా లేస్తుందన్నదాన్ని బట్టే నేను ఆపరేటింగ్ సిస్టమ్‌ని అంచనా కడతాను. దానికి నాకున్న కొలబద్ద ఒక్కటే: బాగుచేసే సాధనం చెడిపోయిన వస్తువుకి ఎంత దూరంగా ఉంది?

ముందు విండోస్ చూద్దాం. మన ఇళ్లలో, మీసేవా కేంద్రాల్లో, డీటీపీ సెంటర్లలో ఎక్కువగా ఉన్నది అదే. రికవరీ ఎన్విరాన్‌మెంట్ అనే చిన్న విభాగం విస్టా కాలం నుంచి దానికి ఉంది. సిస్టమ్ వరసగా ఆన్ కాలేకపోతే ఆ విభాగం తనంతట తానే లేచి నీలం తెర మీద కొన్ని దారులు చూపిస్తుంది. స్టార్టప్ రిపేర్, ఈమధ్య ఎక్కిన అప్‌డేట్‌ని తీసేయడం, సిస్టమ్ రిస్టోర్, కమాండ్ ప్రాంప్ట్, చివరికి రీసెట్. మెషీన్ నడుస్తుండగా కావాలంటే షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ కొడితే అదే తెర వస్తుంది. పాతరోజుల్లో ఎఫ్8 నొక్కేవాళ్లం. విండోస్ 8 నుంచి ఆ అలవాటు పనిచేయడం మానేసింది.

సిస్టమ్ రిస్టోర్ గురించి జనంలో ఒక అపోహ ఉంది. 2000లో విండోస్ ఎంఈతో వచ్చిందది. నిన్నటి తేదీకి తీసుకెళ్తుంది గనక నిన్న పోయిన ఫైలు కూడా తిరిగొస్తుందనుకుంటారు. రాదు. అది సిస్టమ్ ఫైళ్లనీ, సెట్టింగులనీ, ప్రోగ్రాములనీ వెనక్కి తిప్పుతుంది. మీ పెళ్లి ఫోటోల జోలికి పోదు. ఇక రీసెట్‌లో ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే ఫోటోలు, డాక్యుమెంట్లు మిగులుతాయి, ఎక్కించుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. టాలీ, పేజ్‌మేకర్, అను ఫాంట్లు మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవాలి. పత్రికల పేజీలు కట్టే ఆపరేటర్‌కి అది ఒక పూట పని. ఆ పాత సీడీ ఎక్కడుందో దొరకకపోతే ఒక వారం.

ఇప్పుడు నా కొలబద్ద పెట్టి చూడండి. విండోస్ రికవరీ విభాగం ఉండేది అదే డిస్కులో, సీ డ్రైవ్ పక్కనే. డిస్కు పోతే అదీ పోతుంది. తాళంచెవి ఇంట్లోనే పెట్టి తలుపు వేసుకున్నట్టు. దాన్ని అప్‌డేట్ చేసేదీ మెయిన్ విండోస్ అప్‌డేటే. ఆ ముప్పు ఎలాంటిదో 2025 అక్టోబర్‌లో తెలిసింది. ఆ నెల 14న వచ్చిన విండోస్ 11 అప్‌డేట్ ఎక్కినవాళ్లకి రికవరీ తెరలో యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పనిచేయడం మానేశాయి. విండోస్‌లో ఉండగా బాగానే ఉంటాయి. సరిగ్గా ఆపద వచ్చి రికవరీ తెర తెరిస్తే, దారులన్నీ కళ్లముందు కనబడుతుంటాయి, ఒక్కటీ నొక్కలేం. మైక్రోసాఫ్ట్ 20వ తేదీన అత్యవసరంగా సవరణ పంపింది. ఆలోపే పడ్డ మెషీన్‌కి ఆ సవరణ అందేదెలా?

ఇంకో ముప్పు ఉంది, అది కావాలని చేసేది. 2017 మే 12న వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే రకం. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అది చొరబడే కంతకి మైక్రోసాఫ్ట్ మార్చి 14నే సవరణ ఇచ్చింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఇక్కడ మనకి కావలసింది ఆ వైరస్ చేసే మరో పని. ఫైళ్లకి తాళం వేస్తూ వేస్తూ, విండోస్ తన దగ్గర దాచుకున్న పాత నకళ్లను చెరిపేస్తుంది. ఆన్ కాకపోతే రికవరీ లేవాలన్న ఏర్పాటుని ఆపేస్తుంది. అంటే దాడి చేసేవాడికి కూడా తెలుసు, రికవరీ పక్కనే ఉంటుందని.

క్రౌడ్‌స్ట్రైక్ దెబ్బ తర్వాత మైక్రోసాఫ్ట్ ఈ విషయంలో గట్టిగానే కదిలింది. క్విక్ మెషీన్ రికవరీ అని 2025లో విండోస్ 11కి కొత్త ఏర్పాటు తెచ్చింది. మెషీన్ పదేపదే పడుతుంటే రికవరీ విభాగమే నెట్‌కి కలిసి, మైక్రోసాఫ్ట్ దగ్గర ఆ జబ్బుకి మందు ఉంటే దింపుకుని వేసుకుంటుంది. మనిషి మెషీన్ ముందు కూర్చోనక్కర్లేకుండా చేయాలన్న ఆలోచన. హోమ్ ఎడిషన్‌లో ఇది మనం ఏమీ చేయకుండానే ఆన్‌లో ఉంటుంది. అదే ఏడాది దశాబ్దాల నీలం తెర రంగు మార్చుకుని నల్లతెర అయింది. రంగు మారినందువల్ల నాకు ఒరిగేదేమీ లేదు గానీ, సాయం డిస్కు బయటినుంచి రావడం మంచి మార్పు. నిజానికి పదేళ్ల కిందటే రావాల్సింది.

ఎందుకంటే ఆపిల్ అంతకన్నా ముందే ఆ దారి పట్టింది. 2011 జూలైలో లయన్ అనే మ్యాక్ సిస్టమ్ వచ్చింది. ఆపిల్ దాన్ని నెట్ ద్వారా అమ్మింది. డీవీడీ చేతిలో లేనప్పుడు పడ్డ మెషీన్‌ని దేనితో లేపాలి? అందుకని డిస్కులో రికవరీ విభాగం పెట్టారు. అది కూడా పోతే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేరే వైఫైకి కలిసి ఆపిల్ సర్వర్ల నుంచి రికవరీని దింపుకునేలా చేశారు. అంటే ఆ కాలపు ఇంటెల్ మ్యాక్‌లో పాత డిస్కు పీకేసి, బొత్తిగా ఖాళీ డిస్కు పెట్టి, కమాండ్, ఆప్షన్, ఆర్ మూడూ నొక్కిపట్టి ఆన్ చేస్తే కాసేపటికి మ్యాక్‌ఓఎస్ ఎక్కించుకోవచ్చు. సామాన్యుడి చేతికి ఇంత తేలికైన రికవరీ అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. నా దృష్టిలో ఇది ఆపిల్ చేసిన గొప్ప పనుల్లో ఒకటి. దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

అంతకన్నా గొప్పది 2007లో లెపర్డ్‌తో వచ్చిన టైమ్ మెషీన్. బయటి డిస్కు ఒకటి తగిలించి సరే అంటే చాలు. గడిచిన 24 గంటలకి గంటగంటకీ ఒక నకలు, నెల రోజులకి రోజుకొకటి, అంతకుముందువి వారానికొకటి చొప్పున దాచుకుంటూ పోతుంది. డిస్కు నిండితే అన్నిటికన్నా పాతది తీసేస్తుంది. మ్యాక్ మొత్తం పాడైనా, కొత్త మ్యాక్ కొని ఆ డిస్కు తగిలిస్తే పాతదాని ఫైళ్లు, ప్రోగ్రాములు, వాల్‌పేపర్‌తో సహా దిగిపోతాయి. విండోస్‌లో దీనికి సాటివచ్చేదేదీ ఇంత ఇంపుగా లేదు. ఫైల్ హిస్టరీ ఉంది, దాన్ని ఎక్కడ వెతుక్కోవాలో చాలామందికి తెలియదు.

మరి ఆపిల్‌దంతా మంచేనా అంటే, ఎం1 చిప్‌తో 2020లో మొదలైన కొత్త మ్యాక్‌లు ఒక అడుగు వెనక్కి వేశాయి. వీటిలో పవర్ బటన్ నొక్కిపట్టుకుంటే రికవరీ వస్తుంది. అదీ రాకపోతే ఇంకో మ్యాక్‌ని కేబుల్‌తో కలిపి ఫర్మ్‌వేర్‌ని మళ్లీ ఎక్కించొచ్చు. అంతవరకు బాగానే ఉంది. కానీ లోపలి స్టోరేజీ చచ్చిపోతే బయటి డిస్కు నుంచి కూడా మ్యాక్ ఆన్ కాదు. ల్యాప్‌టాప్‌లలో ఆ స్టోరేజీ బోర్డుకే అతికి ఉంటుంది. అందులోని డాటాకి తాళం ఆ చిప్‌లోనే ఉంటుంది. బోర్డు మీద నీళ్లు పడి మాడిపోయిందంటే, చిప్పులు పీకి ఇంకోచోట చదువుదామన్నా అక్షరం కూడా రాదు. దొంగ చేతికి చిక్కకుండా చేసిన ఏర్పాటే అది, కానీ మనకీ చిక్కదు. టైమ్ మెషీన్ డిస్కు లేని కొత్త మ్యాక్ కన్నా, డిస్కు ఊడదీసి ఇంకో మెషీన్‌కి తగిలించగలిగే పాత ల్యాప్‌టాపే ఆపదలో నయమని నేను అంటాను.

లినక్స్ తీరు వేరు. దాని రికవరీ సాధనం మీ జేబులో ఉంటుంది. ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటునో మింటో ఎక్కించి పెట్టుకుంటే, పడ్డ మెషీన్‌కి అది గుచ్చి పూర్తి సిస్టమ్‌ని పెన్‌డ్రైవ్ నుంచే నడపొచ్చు. నా కొలబద్ద ప్రకారం దూరంలో దీనికి మించింది లేదు. జర్మనీకి చెందిన క్లౌస్ క్నోపర్ 2000లో తెచ్చిన నాపిక్స్ అనే సీడీతో ఈ పద్ధతి జనంలోకి వెళ్లింది. నిజం చెప్పాలంటే, పడ్డ విండోస్‌లోని ఫైళ్లని బయటికి తీసే పనిలోనే లినక్స్ పెన్‌డ్రైవ్‌ని ఎక్కువమంది రిపేరువాళ్లు వాడతారు. విండోస్‌ని సరిగ్గా షట్‌డౌన్ చేయకపోతే, లేదా ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, ఆ డ్రైవ్‌ని లినక్స్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది, రాయనివ్వదు. కంగారు పడనక్కర్లేదు. కాపీ చేసుకోవడానికి చదవడం చాలు. బిట్‌లాకర్ వేసి ఉన్నా, 48 అంకెల కీ మీ దగ్గరుంటే లినక్స్ తెరిచేస్తుంది.

ఇక లినక్స్ తానే పడితే? కొత్త కెర్నల్ ఎక్కినా పాతదాన్ని ఉంచుతుంది గనక, ఆన్ చేసేటప్పుడు గ్రబ్ అనే బూట్ మెనూలో పాతది ఎంచుకుంటే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. ఓపెన్‌సుసే అనే లినక్స్ అయితే ప్రతి అప్‌డేట్‌కి ముందూ వెనకా స్నాప్‌షాట్ తీసి, ఆ మెనూలోనే వరసగా చూపిస్తుంది. పాత స్నాప్‌షాట్‌లోకి బూట్ అయి, అదే బాగుందంటే అక్కడే స్థిరపడొచ్చు. మూడు సిస్టముల్లోనూ ఇంత చక్కటి ఏర్పాటు నాకు ఇంకోటి కనబడలేదు. మింట్‌లో టైమ్‌షిఫ్ట్ ఉంది. పేరు చూసి టైమ్ మెషీన్ లాంటిదనుకుంటారు. అది సిస్టమ్‌ని మాత్రమే కాపాడుతుంది, మీ హోమ్ ఫోల్డర్‌ని మీరు చెబితే తప్ప ముట్టుకోదు.

లినక్స్‌కి ఉన్న లోటు మనిషి. మన మండల కేంద్రంలో విండోస్ ఫార్మాట్ కొట్టే కుర్రాడు దొరుకుతాడు. ఫైల్ సిస్టమ్ సరిచేసి, గ్రబ్ మళ్లీ కూర్చోబెట్టేవాడు దొరకడం కష్టం. లినక్స్‌ని తెలుగులో తెచ్చిన ‘స్వేచ్ఛ’ లాంటి సంఘాల వాలంటీర్లు హైదరాబాద్‌లో, కాలేజీల్లో ఉన్నారు, చక్కగా సాయం చేస్తారు. పల్లెదాకా ఆ చేయి అందదు. రికవరీ సపోర్ట్ అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే అనుకోకూడదు. రాత్రి 8 గంటలకి పడ్డ మెషీన్‌ని పట్టుకెళ్తే తలుపు తీసేవాడు ఉన్నాడా అన్నది కూడా అందులో భాగమే. ఆ లెక్కన మన దగ్గర విండోస్‌దే పైచేయి. కాకపోతే ఆ కుర్రాడి మొదటి మందే ఫార్మాట్. డాటా ఉందా అని అడగకుండా కొట్టేవాళ్లూ ఉన్నారు. అడగండి, ముందు డాటా తీసి ఇమ్మనండి.

పోయిన ఫైళ్లని సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తెప్పిస్తాం అన్న బోర్డులు చూస్తుంటాం. పాత హార్డ్ డిస్కుల్లో అది నిజమే. చెరిపేసినా అక్షరాలు అక్కడే ఉంటాయి, పైన ఇంకోటి రాసేదాకా. ఫోటోరెక్ లాంటి ఉచిత సాధనం కూడా బోలెడు తెస్తుంది. ఇప్పటి ఎస్ఎస్‌డీల్లో ఆ కథ మారిపోయింది. ఫైలు చెరిపేయగానే ఆ చోటు ఖాళీ అయిందని సిస్టమ్ డిస్కుకి కబురు పంపుతుంది, దాన్ని ట్రిమ్ అంటారు. డిస్కు తీరికగా ఆ చోటుని శుభ్రం చేసేస్తుంది. ఆ తర్వాత ఎంత పెద్ద నిపుణుడి దగ్గరికి వెళ్లినా దాదాపు ఏమీ మిగలదు.

అప్పుడు దిక్కు బ్యాకపే. అదీ నమ్మకంగా ఉండాలి. యానిమేషన్ స్టూడియో పిక్సార్ కథ మీలో కొందరు విని ఉంటారు. 1998లో టాయ్ స్టోరీ 2 తయారవుతోంది. ఎవరో యూనిక్స్ మెషీన్ మీద చెరిపేసే ఆజ్ఞ తప్పుచోట ఇచ్చారు. తెర మీద చూస్తుండగానే వుడీ బొమ్మ ఫైళ్లు ఒక్కొక్కటే మాయమయ్యాయి. పరుగున వెళ్లి మెషీన్ ప్లగ్గు పీకించారు. సరే, బ్యాకప్ ఉంది కదా అని తీస్తే, అది కొన్ని వారాలుగా సరిగ్గా రాయడమే లేదు. సినిమాకి సాంకేతిక పర్యవేక్షణ చూస్తున్న గేలిన్ సుస్మన్‌కి అప్పుడే బిడ్డ పుట్టింది. ఇంటినుంచి పనిచేయడానికని సినిమా నకలు తన ఇంటి కంప్యూటర్‌లో పెట్టుకుంది. ఆ మెషీన్‌ని దుప్పట్లు చుట్టి కారులో భద్రంగా స్టూడియోకి తెచ్చారు. సినిమాని నిలబెట్టింది ఏ ఆపరేటింగ్ సిస్టమూ కాదు, ఊళ్లో ఇంకోచోట ఉన్న ఒక ఇల్లు. బ్యాకప్ ఉందని నమ్మి తీసి చూడకపోతే ఏమవుతుందో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థకీ తెలిసొచ్చింది. ఐదు రకాల ఏర్పాట్లు పెట్టుకున్నారు, అవసరానికి ఒక్కటీ సరిగ్గా అక్కరకి రాలేదు. ఒక ఇంజినీర్ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసుకున్న నకలు వాళ్లని గట్టెక్కించింది.

ఇక తాళాల సంగతి. ఇది చెప్పకుండా ముగించలేను, ఎందుకంటే ఇప్పుడు డాటా పోతున్న దారుల్లో ఇదీ ఒకటి. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో ఒక రిపేరు షాపు ముందు డిగ్రీ చదివే కుర్రాడొకడు ల్యాప్‌టాప్ తెరిచి చూపిస్తున్నాడు. నీలం తెర, మధ్యలో అంకెలు కొట్టే గడి.

"అన్నా, ఏదో కీ అడుగుతుంది. నేనైతే ఏ లాకూ పెట్టలే."

"బిట్‌లాకర్ తమ్మీ. మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఏ మెయిల్‌తోటి చేసినవ్?"

"నేను చేయలే అన్నా. కొన్నకాడ వాళ్లే చేసిచ్చిండ్రు."

అమ్మిన దుకాణానికి ఫోన్ చేశారు. అప్పుడు ఏ మెయిల్ ఇచ్చారో వాళ్లకి గుర్తులేదు. ఆ కుర్రాడి ప్రాజెక్టు రిపోర్టు, సర్టిఫికెట్ల స్కాన్లు అందులోనే ఉన్నాయి. చివరికి ఫార్మాట్ కొట్టించుకుని వెళ్లాడు. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ తాజాగా ఎక్కించిన మెషీన్లలో, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, హోమ్ ఎడిషన్‌లో కూడా ఈ తాళం దానంతటదే పడుతుంది. కీ ఆ అకౌంట్‌లోకి వెళ్తుంది. బయోస్ అప్‌డేట్ అయినా, బోర్డు మార్చినా, ఒకరోజు హఠాత్తుగా ఆ గడి ఎదురవుతుంది. తాళం వేయడాన్ని నేను తప్పుపట్టను, ల్యాప్‌టాప్ పోగొట్టుకున్నవాడికి దాని విలువ తెలుస్తుంది. తాళం పడిందని కొన్నవాడికి గట్టిగా చెప్పకపోవడాన్ని మాత్రం తప్పుపడతాను. మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ ఆన్ చేస్తే రికవరీ కీ తెర మీద చూపిస్తుంది. లినక్స్‌లో డిస్కుకి తాళం వేసేటప్పుడు పాస్‌వర్డ్ మరిచిపోతే అంతే సంగతులని ముందే చెబుతుంది.

మీ విండోస్ మెషీన్ బాగా నడుస్తుండగానే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి, డివైజెస్‌లో బిట్‌లాకర్ రికవరీ కీ ఉందేమో చూడండి. ఉంటే ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు కనిపిస్తాయి. కాగితం మీద రాసుకుని, ల్యాప్‌టాప్ బ్యాగులో కాకుండా ఇంటి దస్తావేజుల మధ్య పెట్టండి. లాగిన్ అయి ఉన్న మెయిల్ మీది కాకపోతే ఈరోజే మార్చుకోండి. వెయ్యి జీబీల బయటి డిస్కు ఒకటి కొనండి, నెలకోసారి కాపీ చేసి, వైరు ఊడదీసి పక్కన పెట్టండి. తగిలించి ఉంచితే వానాక్రై లాంటిది వచ్చినప్పుడు దానికీ తాళం పడుతుంది. కాపీ అయ్యాక ఒక ఫోటో, ఒక వర్డ్ ఫైలు ఆ డిస్కునుంచి ఇంకో మెషీన్‌లో తెరిచి చూడండి.